శాతం సరే, దేని మీద?

పదో తరగతి లెక్కల పుస్తకంలో చాలా భాగం, ఇది చదువుతున్నవాళ్లలో చాలామందికి, బడి దాటాక ఒక్కసారి కూడా అక్కరకు రాదు. వర్గ సమీకరణం సాధించి ఎవరూ వంకాయలు కొనరు. త్రికోణమితి సర్వసమీకరణం నిరూపించి ఎవరూ పిల్ల పెళ్లి చెయ్యరు. గుంటూరు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, నేనే ఈ మాట అంటుంటే పాత విద్యార్థులకు భలే సంబరం. "చూశారా టీచర్, సైన్ తీటా రాలేదని మాచేత గోడ కుర్చీ వేయించారు. ఇన్నేళ్లలో దాంతో పని పడితే ఒట్టు!" అంటారు.

నిజమేనని ఒప్పేసుకుంటాను. ఆ వెంటనే, "బండి అప్పు మీద తీసుకున్నావటగా, వడ్డీ ఎంత?" అని అడుగుతాను. "పన్నెండు శాతం" అని టక్కున చెబుతారు. "దేని మీద పన్నెండు?" అంటాను. అక్కడ ఆగిపోతారు.

లక్ష రూపాయల అప్పు, 12 నెలల వాయిదాలు, 12 శాతం ఫ్లాట్ వడ్డీ అనుకుందాం. షోరూమ్ కుర్రాడు క్యాలిక్యులేటర్ నొక్కి చెబుతాడు: వడ్డీ 12 వేలు, మొత్తం 1,12,000, నెలకు 9,333. గుణకారంలో తప్పేమీ లేదు. కానీ ఆ లక్షా ఏడాది పొడుగునా మీ దగ్గర ఉండదు. నెలనెలా అసలులో 8,333 తిరిగి కట్టేస్తూనే ఉన్నారు. మొదటి నెల మీ దగ్గరున్నది లక్ష, రెండో నెల 91,667, మూడో నెల 83,334. అలా దిగుతూ దిగుతూ ఆఖరి నెలకు మీ దగ్గర మిగిలిన వాళ్ల సొమ్ము 8,333 మాత్రమే. వడ్డీ మాత్రం ఆ నెల కూడా లక్ష మీదే. ఈ పన్నెండు అంకెలకూ సగటు కట్టండి, 54 వేల చిల్లర వస్తుంది. మీరు ఏడాదంతా వాడుకున్నది సగటున 54 వేలు, దానికి ఇచ్చిన వడ్డీ 12 వేలు. అది 22 శాతం పైచిలుకు. బ్యాంకుల పద్ధతిలో పక్కాగా కడితే 21.5 దగ్గర తేలుతుంది. ఎలా చూసినా పన్నెండు కాదు.

ఇందులో వాడింది సగటు, భాగహారం. రెండూ ఏడో తరగతిలోపే అయిపోతాయి.

మన ఊళ్లలో వడ్డీ చెప్పుకునే తీరు వేరు. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి, ఏడాదికి 12 శాతం. రెండు రూపాయల వడ్డీ అంటే 24. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో డ్వాక్రా సంఘాలకు పెట్టిన పావలా వడ్డీ పథకానికి ఆ పేరు రావడం ఇందుకే: నూటికి నెలకు పావలా, ఏడాదికి 3 శాతం. ఆ సంఘాల్లో బడి మొహం చూడని ఆడవాళ్లు ఈ మార్పిడి నోటితో చేసేవారు. వాళ్ల పిల్లలు ఇంజనీరింగు చదివి, ఫోనులో యాప్ అప్పు తీసుకుంటూ "రోజుకు 0.1 శాతమేనమ్మా" అంటున్నారు. రోజుకు 0.1 అంటే ఏడాదికి 36.5. అమ్మ భాషలో మూడు రూపాయల వడ్డీ. ఆ మాట అలా చెబితే తల్లి ఇంట్లోకి రానివ్వదు.

ఇది నా గొణుగుడు మాత్రమే కాదు. పల్లెటూరి పిల్లల చదువు మీద ఏటా లెక్క తీసే ‘అసర్’ సర్వే 2023లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్లకు ఇలాంటి ఇంటి పనులే ఇచ్చి చూసింది. వస్తువును స్కేలు మీద సున్నా దగ్గర పెట్టి పొడవెంత అంటే దాదాపు 85 శాతం మంది చెప్పారు. అదే వస్తువును పక్కకు జరిపి పెడితే చెప్పగలిగింది 39 శాతం. కనీసం తీసివేతలు వచ్చినవాళ్లను తీసుకుని చూస్తే, ఖర్చుల లెక్క వేయగలిగింది 60 శాతానికి పైగా, తగ్గింపు పోను ధర కట్టగలిగింది 37 శాతం దాకా, అప్పు తిరిగి ఎంత కట్టాలో చెప్పగలిగింది 10 శాతం అటూ ఇటూ.

నన్ను పట్టుకున్నది ఆ స్కేలు ముక్క. వస్తువు జరిగితే కావలసింది ఒకే ఒక్క తీసివేత. అది రాని పిల్లలు కొందరే. మిగతావాళ్లకు వచ్చు, కానీ ఇక్కడ తీసివేత చెయ్యాలని తోచలేదు.

తోచకపోవడం రెండు వైపులా ఉంది. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లల దగ్గరికి టెరెజిన్యా నూనెస్, ఆమెతో పనిచేసేవాళ్లు బేరగాళ్లలా వెళ్లారు. పది కొబ్బరికాయలెంత, ఇంత ఇస్తే చిల్లరెంత అని అడిగితే వచ్చిన జవాబుల్లో 98 శాతం సరైనవి. తర్వాత అవే లెక్కలు కాగితం మీద వట్టి అంకెలుగా ఇస్తే సరైనవి 37 శాతం. ఆ పరిశోధన 1985లో అచ్చయింది. నలభై ఏళ్లకు, 2025లో, నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద ఇలాంటి పనే చేసి ‘నేచర్’ పత్రికలో రాసింది. బజారు పిల్లలకు బడి లెక్క రాలేదు. వాళ్లు దాన్ని తిరగేసి కూడా చూశారు: బడి పిల్లలకు బజారు లెక్క అంతంతమాత్రమే వచ్చింది.

బజారు లెక్క అంటే ఏమిటో మా వారపు సంతలో బీరకాయలు అమ్మే కుర్రాడి దగ్గర చూడొచ్చు. కిలో 60, త్రాసు 350 గ్రాములు చూపించింది. "పావుకిలో పదిహేను, వంద గ్రాములు ఆరు, ఇరవై ఒకటివ్వండి టీచర్" అన్నాడు, సంచీ మూతి ముడి వేస్తూనే. వాడే తరగతిలో 60ని 0.35తో హెచ్చవేసి 2.1 అని రాసేవాడు. ఇరవై ఒక్క రూపాయల సరుకు రెండు రూపాయలకు ఇచ్చేస్తావా అని అడిగితే నాలిక్కరుచుకునేవాడు. అది సరుకు అని పుస్తకం వాడికి చెప్పలేదు మరి.

పుస్తకం చేసే సాయమే ఇక్కడ చేటవుతోంది. పైన ‘వడ్డీ’ అని శీర్షిక ఉంటే కింద పది లెక్కలూ వడ్డీవే. ఏ సూత్రం వాడాలన్న తలనొప్పి పిల్లవాడికి లేదు, అంకెలు పెట్టడమే. పాఠం పేరు రాసుకుని వచ్చే సమస్య మాత్రం జీవితంలో ఒక్కటీ ఉండదు. మా మరిది స్థలం కొన్నప్పుడు జరిగింది చెబుతాను.

ఊరి చివర, రోడ్డు మలుపులో ఉందా స్థలం. కంటికి కాస్త వాలినట్టు కనబడింది. మధ్యవర్తి అప్పటికే నాలుగు పక్కలా టేపు పట్టించి ఉంచాడు. "నాలుగు వైపులా అరవై అడుగులమ్మా. అరవై అరవైలు మూడువేల ఆరొందలు. తొమ్మిదితో భాగిస్తే నాలుగొందల గజాలు. గజం ఇరవై వేలు" అన్నాడు. నోటిలెక్క మంచి ధాటిగా చేశాడు.

"ఐమూల కొలిచారా?" అన్నాను.

"అదెందుకు వదినా, నాలుగు వైపులూ సమానమేగా" అన్నాడు మరిది.

నాలుగు అగ్గిపుల్లలతో చదరం పేర్చి ఒక మూల నొక్కి చూడండి. పుల్లలు అవే, పొడవులు అవే, లోపలి చోటు తగ్గిపోతుంది. బాగా నొక్కితే చోటే ఉండదు. అందుకే పక్కలు కొలిచి ఊరుకోకూడదు. ఈ మూల నుంచి ఎదుటి మూలకు టేపు పట్టిస్తే 72 అడుగులు వచ్చింది. రెండో ఐమూల 96. నిజంగా చదరమైతే రెండూ సమానంగా, 85 అడుగుల దగ్గర రావాలి.

మధ్యవర్తి ఇచ్చిన కరపత్రం వెనకే లెక్క వేశాను. 72 అడుగుల ఐమూల స్థలాన్ని రెండు త్రిభుజాలు చేస్తుంది. ఒక్కోదానికి భుజాలు 60, 60, 72. 72లో సగం 36. 60 వర్గం 3,600. అందులోంచి 36 వర్గం 1,296 తీసేస్తే 2,304, దాని వర్గమూలం 48. అది త్రిభుజం ఎత్తు. 36, 48, 60 అంటే మేస్త్రీలు మూలమట్టానికి వాడే 3, 4, 5 అంకెలే, పన్నెండేసి రెట్లు. ఒక్కో త్రిభుజం 1,728 చదరపు అడుగులు, రెండూ కలిపి 3,456. తొమ్మిదితో భాగిస్తే 384 గజాలు. పదహారు గజాలు తక్కువ. గజం ఇరవై వేల చొప్పున 3,20,000 రూపాయలు.

మధ్యవర్తి ముందు నవ్వాడు. తర్వాత టేపు తనే పట్టుకుని ఇంకోసారి కొలిచాడు. బేరం 384 గజాలకే తెగింది. ఆయన మోసగాడని నేననను. ఎదురెదురు పక్కలకు సగటు కట్టి, ఆ రెండు సగటుల్నీ హెచ్చవేయడం చాలాచోట్ల ఉన్న అలవాటు. ఈజిప్టులో ఎడ్ఫూ గుడి శాసనాల్లో భూములు కొలిచింది కూడా ఈ పద్ధతిలోనే. చిక్కేమిటంటే, నాలుగు మూలలూ మట్టంగా ఉంటే తప్ప ఈ పద్ధతి ఎప్పుడూ ఉన్నదానికన్నా ఎక్కువే చూపిస్తుంది. తక్కువ చూపడమన్నది ఉండదు. కాబట్టి నష్టం ఎప్పుడూ కొనేవాడిదే.

మా మరిది పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయ్యాడు. పైథాగరస్ సిద్ధాంతం ఇప్పుడడిగినా అప్పజెబుతాడు. స్థలంలో ఆ పేరుతో బోర్డు లేదు, అంతే.

మా పక్కన ఇల్లు కడుతున్నప్పుడు రాడ్ బెండింగ్ మేస్త్రీ దగ్గర దీనికి తలకిందులుగా చూశాను. లారీలో ఇనుము దిగింది. పన్నెండు ఎంఎం రాడ్లు, ఒక్కోటి పన్నెండు మీటర్లు. ఆయన చేతిలో వేబిల్లు, పెదవుల మీద ఏదో గొణుగుడు. "పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు, బై నూట అరవై రెండు" అని ఫోనులో నొక్కుతున్నాడు. మీటరుకు 0.889 కిలోలు వచ్చింది. రాడ్డుకు 10.67 కిలోలు. యాభై రాడ్లకు 533 కిలోలు ఉండాలి. 12 ఎంఎం రాడ్డుకు భారతీయ ప్రమాణాల ప్రకారం 5 శాతం దాకా తేడా చెల్లుతుంది, అది కూడా ఆయనకు తెలుసు. కాటాలో తూకం అంతకన్నా తగ్గితే రాడ్డు పేరుకు పన్నెండే, సన్నగా సాగదీశారన్నమాట.

"162 ఎక్కడి నుంచి వచ్చింది మేస్త్రీ?" అంటే, "మా గురువు చెప్పాడమ్మా" అన్నాడు. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి. రాడ్డు ఒక స్తంభం. దాని కోత ముఖం వృత్తం, వైశాల్యం పై గుణించు వ్యాసం వర్గం, భాగించు నాలుగు. ఘనపు మీటరు ఉక్కు 7,850 కిలోలు తూగుతుంది. 3.1416ను నాలుగుతో భాగించి, 7,850తో హెచ్చవేసి, మిల్లీమీటర్లను మీటర్లు చేయడానికి పది లక్షలతో భాగిస్తే వచ్చేది ఇంచుమించు 162లో ఒక వంతు. పాలిటెక్నిక్ చదివే వాళ్లబ్బాయి పక్కనే నిలబడి విన్నాడు. తండ్రికి 162 తెలుసు, కొడుక్కి పై తెలుసు. ఆ రెండూ ఒకటేనని ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

సూత్రం ఎక్కడిదో తెలియకపోయినా మేస్త్రీ పని ఆగలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇంటికి ఉక్కు బదులు వేరే లోహం వచ్చిన రోజున మాత్రం ఆ 162 పనిచెయ్యదు.

ప్రాణం మీదికి వచ్చే లెక్కలూ ఉన్నాయి. నా విద్యార్థిని ఒకమ్మాయి నర్సు. ఐదొందల ఎంఎల్ సెలైన్ నాలుగు గంటల్లో ఎక్కించాలని డాక్టరు రాస్తే, ఎంఎల్‌కు ఇరవై చుక్కలు పడే సెట్టుతో నిమిషానికి ఎన్ని చుక్కలు? పదివేల చుక్కలు, 240 నిమిషాలు, నిమిషానికి 42. ఆ అమ్మాయి గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టి చక్రం బిగిస్తుంది. ఇదే అనుపాతం ఇంట్లో పారాసెటమాల్ సిరప్ దగ్గర వస్తుంది. ఐదు ఎంఎల్‌లో 125 మిల్లీగ్రాముల మందున్న సీసా ఉంది, 250 ఉన్న సీసా ఉంది. పాత సీసా అలవాటుతో కొత్తదాంట్లోంచి అదే ఐదు ఎంఎల్ పోస్తే పసివాడికి పడేది రెట్టింపు. డాక్టరు చెప్పిన మోతాదు ఏ సీసాకో మందుల షాపులో మళ్లీ అడగడం కూడా లెక్క రావడమే.

ఎరువుల కొట్టు దగ్గరా అంతే. ఎకరానికి 40 కిలోల నత్రజని వెయ్యమంటే నలభై కిలోల యూరియా అని కాదు. యూరియాలో నత్రజని 46 శాతం, 45 కిలోల బస్తాలో ఉండేది 20.7 కిలోలు. రెండు బస్తాలకు కాస్త తక్కువ కావాలి. నగల షాపులో తరుగు 12 శాతం, జీఎస్టీ 3 శాతం అంటే కలిపి పదిహేను అనుకుంటారు. పన్ను తరుగు మీద కూడా పడుతుంది, అది 15.36. "మజూరీ లేదు" అని బోర్డు పెట్టిన చోట తరుగు ఎంతో ముందు చూడండి. యాభై శాతం తగ్గింపు, దాని మీద ఇంకో ఇరవై అంటే డెబ్బై కాదు, అరవై. జీతం పెరిగి పై స్లాబులోకి వెళ్తే మొత్తం జీతం మీద ఎక్కువ పన్ను పడుతుందని దిగులుపడే ఉద్యోగుల్ని స్టాఫ్ రూముల్లోనే చూశాను. పై రేటు ఆ గీత దాటిన ముక్క మీదే. వీటన్నిట్లో కూడికలు, హెచ్చవేతలు ఫోను చేసిపెడుతుంది. దేని మీద అన్నది మాత్రం ఫోను అడగదు, మనమే అడగాలి.

మరి సైన్ తీటా తీసి పారేద్దామా? నేను ఒప్పుకోను. 1802లో మద్రాసులో విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వే మన నేల మీదుగానే నడిచింది. 1815లో నిజాం రాజ్యంలోని బీదర్ దగ్గర ఒక ఆధారరేఖ కొలిచారు. గొలుసుతో నేల మీద కొలిచేది అలాంటి కొన్ని గీతల్నే. మిగతా దూరాలన్నీ కోణాలు చూసి సైన్ల పట్టికతో కట్టినవే. ఆ సర్వే కాగితాల్లోంచే 1852లో రాధానాథ్ సిక్దర్ ఎవరెస్టు ఎత్తు తేల్చాడు. అలాంటి పని చేసేవాళ్లు కొందరే ఉంటారు. ఆ కొందరు ఎవరో పద్నాలుగేళ్ల వయసులో ఏ టీచరుకూ తెలియదు, అందుకే అందరికీ చెబుతాం. ఆ రుచి తగిలినవాళ్లకు అదే సంతోషం కూడా. ఇందులో దాపరికం ఏమీ వద్దు. "నీకిది వంటింట్లో పనికొస్తుంది" అని పిల్లలకు అబద్ధం చెప్పకుండా, "నీకు పనికిరాకపోవచ్చు, నీ పక్కవాడికి కావచ్చు" అంటే వాళ్లకు అర్థమవుతుంది.

సీబీఎస్‌ఈ 2020 నుంచి పదో తరగతి లెక్కల పరీక్షను స్టాండర్డ్, బేసిక్ అని రెండు రకాలుగా పెడుతోంది. ఆలోచన మంచిదే. కానీ బేసిక్ అంటే అవే పాఠాల మీద తేలిక ప్రశ్నలు. నా చేతుల్లో ఉంటే బేసిక్ పేపరులో ఒక బంగారం బిల్లు, ఒక వాయిదాల కాగితం, ఒక వంకర స్థలం పటం పెడతాను, ఏ పాఠంలోదో చెప్పకుండా. అది స్టాండర్డ్ కన్నా కష్టమని పిల్లలు గోల పెడతారని కూడా నాకు తెలుసు.

ఇప్పుడు ఉద్యోగంలో ఉన్న లెక్కల టీచర్లకు ఒక మనవి. వారానికి ఒక్క పీరియడ్ పుస్తకం మూసి, పిల్లల్ని ఇంటి నుంచి ఏదో ఒక బిల్లు తెమ్మనండి. తల్లిదండ్రులకు ఇంకో మనవి. అప్పు కాగితాలు పిల్లలకు కనబడకుండా బీరువాలో దాచకండి, పదో తరగతి పిల్లతో చదివించండి. రిజర్వ్ బ్యాంక్ ఉత్తర్వు ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వాయిదాల మీద ఇచ్చే కొత్త రిటైల్ అప్పు దేనికైనా ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలి. ఫీజులన్నీ కలుపుకుని ఏడాదికి నిజంగా వడ్డీ ఎంతపడుతుందో అందులో ఏపీఆర్ అన్న పేరుతో ఉంటుంది. సంతకం పెట్టేముందు ఆ పత్రం అడిగి తీసుకోండి. చేతికొచ్చేదెంత, మొత్తం కట్టేదెంత, ఏపీఆర్ ఎంత అని మూడూ చూసుకోండి. ఇవ్వనంటే అక్కడ అప్పు తీసుకోకండి.